మా మిద్దె మీద హాంకాంగ్ సినిమా, కడప మాటలు

సినిమా అయిపోయి లైట్లు వేసిన వెంటనే "ఎట్లుంది?" అని అడిగితే ఎవరైనా "బాగుంది" అంటారు. బాగా దగ్గరివాళ్ళయితే "కొంచెం స్లో" అంటారు. అదే మొగుడూ పెండ్లాల మధ్యకు మూడో మనిషి వచ్చిన కథయితే ఆ మాత్రం కూడా రాదు. పక్కన ఎవరున్నారో చూసుకుని, నలుగురికీ నచ్చే మాట ఒకటి అనేసి లేచిపోతారు. నాకు కావలసింది ఆ మాట కాదు. ఇట్లాంటి సినిమాలు ఎప్పుడూ చూడని మా కడప మనుషులు ఒక విదేశీ సినిమా చూసి లోపల ఏమనుకుంటారో తెలుసుకోవాలని చాలాకాలంగా ఉండేది. అందుకోసం ఒక సినిమా ఎంచుకుని, దానికి తెలుగు సబ్‌టైటిల్స్ రాసుకుని, మా మిద్దె మీది హాల్లో తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి చూపించి, వాళ్ళ అభిప్రాయాలు కాగితాల మీద తీసుకున్నాను. ఆ పని ఎట్లా చేశానో, ఎవరేమన్నారో రాస్తున్నాను.

ఎంచుకున్నది వాంగ్ కార్-వై తీసిన ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’. 2000లో వచ్చిన సినిమా. కథ 1962లో హాంకాంగ్‌లో మొదలవుతుంది. షాంఘై నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఇరుకు ఫ్లాట్లలో ఉంటూ, ఉన్న గదుల్లోనే ఒకటి అద్దెకిచ్చుకుంటూ బతుకుతుంటాయి. పక్కపక్క ఫ్లాట్లలోకి ఒకే రోజు రెండు జంటలు దిగుతాయి. సు లిజెన్ ఒక షిప్పింగ్ కంపెనీలో సెక్రటరీ. ఆమె భర్త జపాన్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ మాటిమాటికీ విదేశాలకు పోతుంటాడు. పక్క ఫ్లాట్లో అద్దెకున్న చౌ పత్రికలో పనిచేస్తాడు. అతని భార్య హోటల్లో ఉద్యోగం చేస్తుంది, ఇంటి పట్టున ఉండేదే తక్కువ. కొన్నాళ్ళకు సు లిజెన్‌కు, చౌకు విడివిడిగా ఒకటే అనుమానం మొదలవుతుంది. ఒక రోజు బయట టీ తాగుతూ టై గురించీ, హ్యాండ్‌బ్యాగ్ గురించీ మాట్లాడుకుంటారు. అతని టై లాంటిదే ఆమె భర్తకుంది. ఆమె బ్యాగు లాంటిదే అతని భార్యకుంది. రెండూ అక్కడి షాపుల్లో దొరకనివి. ఇంకేం చెప్పుకోవాల్సిన పనిలేదు. ఇంట్లో మిగిలిపోయిన ఈ ఇద్దరూ ఆ తర్వాత ఏం చేశారన్నదే మిగతా సినిమా. తప్పు చేసిన ఆ ఇద్దరి ముఖాలు దర్శకుడు సరిగ్గా చూపించనే చూపించడు. వీపు కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది, అంతే.

దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడగలిగిన సినిమా ఇది. పడకగది సీను ఒకటి తీసి కూడా చివరికి దర్శకుడు దాన్ని సినిమాలోంచి తీసేశాడు. మాటలు తక్కువ, నిడివి 98 నిమిషాలు. వీటన్నిటికంటే పెద్ద కారణం ఇంకొకటుంది. ఒకరు పరదేశంలో, ఇంకొకరు ఇంట్లో ఉండే సంసారం మా వైపు కొత్తది కాదు. రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా జనం కువైట్‌కు పోతూనే ఉన్నారు. మగవాళ్ళు డ్రైవర్లుగా పోతారు. ఆడవాళ్ళు ఇంటి పనికి పోతారు. పిల్లలు జేజి దగ్గర పెరుగుతారు. ఈ సినిమా గురించి పెద్ద పెద్ద విమర్శకులు రాసింది చాలా చదివాను. రంగుల గురించి, కెమెరా గురించి, ఆమె కట్టుకున్న చైనా గౌన్ల గురించి రాశారు. మొగుడు దూరదేశంలో ఉండగా వీధిలో నడిచే ఆడమనిషికి ఆ సినిమా ఎట్లా కనిపిస్తుందో నాకు వాటిలో దొరకలేదు.

ఒక నిర్ణయం ముందే తీసుకున్నాను. కాన్ సినిమా పండుగలో హీరో టోనీ ల్యూంగ్‌కు ఉత్తమ నటుడి అవార్డు వచ్చిందని గానీ, 2022లో బ్రిటన్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ ప్రపంచ విమర్శకుల ఓట్లతో చేసిన జాబితాలో దీనికి అయిదో స్థానం దక్కిందని గానీ ఎవరికీ చెప్పకూడదు. ఇది గొప్ప సినిమా అని ముందే చెప్పి కూర్చోబెడితే, నచ్చనివాడు కూడా తనకే అర్థం కాలేదేమో అనుకుని నోరు మూసుకుంటాడు. కథ దేని గురించో మాత్రం పిలిచినప్పుడే చెప్పాను. "పెండ్లయిన ఇద్దరి మొగుడూ పెండ్లాలు ఒకరితో ఒకరు సంబంధం పెట్టుకుంటారు, మిగిలిన ఇద్దరి కథ" అని ఇంటింటికీ పోయి చెప్పాను. మా వీధి చివర ఉండే పెద్దాయన "ఇట్లాంటివి ఇంట్లో ఎందుకమ్మా?" అని రాలేదు. ఆయన ఇష్టం ఆయనది. తెలియకుండా వచ్చి ఇబ్బంది పడేకంటే తెలిసి మానుకోవడమే మేలు. ఫోన్లో పిలిస్తే మగవాళ్ళే ఎత్తి "సరే వస్తాం" అంటారని, ఆడవాళ్ళను నేనే పోయి పిలిచాను. దానివల్ల సగానికి పైగా ఆడవాళ్ళే వచ్చారు.

సబ్‌టైటిల్స్ పని నేను అనుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టింది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌ను పక్కన పెట్టుకుని రాత్రిపూట కూర్చుని రాసేదాన్ని. రాసినవి మా అమ్మ మీద పరీక్షించాను. అమ్మ రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి. అయినా తెర మీద వాక్యం సగం చదివేలోపే మాయమైపోయేది. పేపరు చదివినట్టు కాదు ఇది. కళ్ళు బొమ్మ మీదా ఉండాలి, అక్షరాల మీదా ఉండాలి. అందుకని ప్రతి వాక్యాన్నీ కోసి చిన్నది చేశాను. ఒక్కసారికి రెండు వరుసలకు మించకూడదు, మనిషి పైకి నింపాదిగా చదివితే సరిపోయేంతసేపు నిలవాలి. అమ్మ ఆగకుండా చదవగలిగితే ఆ వాక్యం ఉంచేదాన్ని, లేకపోతే మళ్ళీ రాసేదాన్ని. ప్లేయర్లో తెలుగు అక్షరాల వత్తులు విడిపోయి కనిపిస్తుంటే, మా తమ్ముడు వాటిని బొమ్మలోనే అచ్చయ్యేట్టు చేసిపెట్టాడు. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు ఆ ఒక్కటీ చూసుకోండి.

సంక్రాంతి తర్వాతి రోజుల్లో పెట్టుకున్నాం. కడప ఎండల సంగతి తెలిసిందే, వేసవిలో మిద్దె మీద మనిషి నిలవలేడు. ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చాం, టెంట్ హౌస్ నుంచి కుర్చీలు తెచ్చాం. కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా ఇన్వర్టర్ ఉంది. బొరుగులు, మిరపకాయ బజ్జీలు, టీ అన్నీ మొదలవక ముందే ఇచ్చేశాను, మధ్యలో ప్లేట్ల చప్పుడు ఉండకూడదని. ముప్పై మంది దాకా వచ్చారు. గోడ మీద బోర్డు పెట్టి రెండు ఇళ్ళు గీసి, ఎవరి మొగుడు ఎవరు, ఎవరు ఏ ఇంట్లో ఉంటారో రాశాను. ఇద్దరు మనుషుల ముఖాలే కనిపించని సినిమాలో ఆ బోర్డు లేకపోతే మొదటి పావుగంట జనం ఒకరినొకరు "వీడెవడు?" అని అడుక్కోవడంతోనే సరిపోయేది.

మొదట కొంతసేపు హాల్లో కదలిక ఎక్కువగా ఉంది. ఫోన్లు వెలిగాయి, ఇద్దరు పిల్లలు కిందికి పోయారు. జనం సినిమాలో పడింది రైస్ కుక్కర్ దగ్గర. సు లిజెన్ భర్త జపాన్ నుంచి కరెంటుతో నడిచే రైస్ కుక్కర్ తెస్తాడు. జపాన్‌లో తోషిబా కంపెనీ అట్లాంటి కుక్కర్‌ను మొదట అమ్మకానికి పెట్టింది 1955లో, కాబట్టి ఆ కథ నాటికి అది ఇంకా కొత్త వస్తువే. ఇంటివాళ్ళంతా చుట్టూ చేరి వింతగా చూస్తారు, మాకూ ఒకటి తెప్పించమంటారు. మా హాల్లో ఆడవాళ్ళు ఒక్కసారిగా నవ్వారు. కువైట్ నుంచి ఎవరైనా సెలవుకు వస్తే దుప్పట్లు, టాంగ్ డబ్బాలు, సెంటు సీసాలు, "ఈసారి నాకూ ఒకటి తెమ్మని చెప్పు" అనే మాటలు, అన్నీ వాళ్ళకు తెలుసు. ఆ తర్వాత చౌ తన కుక్కర్ డబ్బులు ఇవ్వడానికి పోతే, ఆ భర్త "మీ ఆవిడ అప్పుడే ఇచ్చేసింది" అంటాడు. ఆ ఒక్క మాటకు వెనక వరసలో కూర్చున్న ఒకామె "అయిపాయ!" అంది పైకే. టై, బ్యాగుల సంగతి ఇంకా చాలా దూరంలో ఉంది. తెర మీద చౌకు ఇంకా తెలియదు, ఆమెకు తెలిసిపోయింది. నేను అంతకుముందు ఆ సినిమా ఎన్నో సార్లు చూసి కూడా ఆ మాటను అంత బరువుగా వినలేదు.

అందరూ బిగపట్టి కూర్చున్న సీను ఇంకొకటుంది. సు లిజెన్ చౌ గదిలో ఉండగా, ఇంటివాళ్ళు అనుకోకుండా తిరిగొచ్చి, హాల్లో పేకాట లాంటి మాజాంగ్ ఆట వేసుకుంటారు. రాత్రి గడిచినా ఆట ముగియదు. బయటికి వస్తే అందరూ చూస్తారని ఆమె ఆ గదిలోనే ఇరుక్కుపోతుంది. అక్కడ వాళ్ళిద్దరి మధ్య ఏమీ జరగదు, కూర్చుని ఉంటారు, తింటారు, అతను రాసుకుంటాడు. ఆ సీనులో మా హాల్లో ఉన్న టెన్షన్ నేను ఫైటింగ్ సినిమాల్లో కూడా చూడలేదు.

సినిమా ముగిశాక కాసేపు పైకే మాట్లాడుకున్నాం. అనుకున్నట్టే మగవాళ్ళు మొదలుపెట్టారు. ఒక అన్న "గంటన్నర సేపు ఏదో అవుతాదని కూర్చుంటి, ఏమీ కాకనే అయిపాయ" అన్నాడు. ఇంకొకాయన "హోటల్ రూము తీసుకుని ఇద్దరూ కూర్చుని కథలు రాస్తాండారంట, ఏమీ లేదంట, ఎవరు నమ్మతారబ్బా?" అన్నాడు. ఇంజనీరింగ్ చదివే పిల్లల గోల వేరు. ఒకటే మ్యూజిక్ మళ్ళీ మళ్ళీ వస్తుందని, మెట్లు దిగడానికి కూడా స్లో మోషన్ ఎందుకని, ల్యాగ్ అని అన్నారు. అదే గుంపులో ఒక అబ్బాయి మాత్రం ఆ మ్యూజిక్ ఎవరిదని అడిగాడు. షిగేరు ఉమెబయాషి అనే జపాన్ ఆయనది, 1991లో వచ్చిన వేరే జపాన్ సినిమాకు చేసిన పాట, దాన్ని తెచ్చి ఇందులో వాడారని చెప్పాను. మధ్యలో వినిపించిన స్పానిష్ పాటలు పాడిన నాట్ కింగ్ కోల్ అమెరికా గాయకుడని చెబితే ఇంకా ఆశ్చర్యపోయాడు. ఆడవాళ్ళు మాత్రం పైకి ఏమీ అనలేదు. "బాగుంది, ఆమె బట్టలు బాగుండాయి" అన్నారు. ఒకామె మాత్రం "ఇంట్లో వండుకోకుండా దినామూ క్యారియర్ పట్టుకుని నూడుల్స్ కోసం పోతాదేంది?" అని అడిగింది. ఎవరూ జవాబివ్వలేదు.

అసలు పని అప్పుడు మొదలయింది. అందరికీ ఒక్కో కాగితం, పెన్ను ఇచ్చాను. పేరు రాయొద్దన్నాను. "సినిమా నచ్చిందా?" అనే ప్రశ్న పెట్టలేదు. ఏ సీను గుర్తుండిపోయింది, ఎవరి మీద కోపం వచ్చింది, ఆమె స్థానంలో మీరుంటే ఏం చేసేవాళ్ళు అనే మూడే అడిగాను. అక్కడే రాయాలని లేదు, ఇంటికి తీసుకుపోయి మర్నాడు మెట్ల దగ్గర పెట్టిన డబ్బాలో వేయొచ్చు. రాయడం రానివాళ్ళు ముగ్గురున్నారు. మా మేనకోడలు వాళ్ళ ఇళ్ళకే పోయి, ఎవరూ లేనప్పుడు అడిగి రాసుకొచ్చింది. నాకు అందరి చేతిరాతలు తెలుసు, ఇది ఎవరిది అని పోల్చి చూడటం మాత్రం కావాలనే చేయలేదు. కాగితాలన్నీ మా తమ్ముడు కంప్యూటర్లో ఎక్కించి ఇచ్చిన తర్వాతే చదివాను.

ఎవరి మీద కోపం వచ్చింది అన్నదానికి భర్త మీదో, చౌ భార్య మీదో అని రాస్తారనుకున్నాను. అట్లా రాసినవాళ్ళు ఉన్నారు, కానీ ఎక్కువమంది రాసింది ఇంటి ఓనరమ్మ మీద. మిసెస్ స్యూన్ అనే ఆ పెద్దామె చెడ్డదేం కాదు. భోజనానికి రమ్మని పిలుస్తూనే ఉంటుంది. ఒక రోజు మాత్రం సు లిజెన్‌ను నిలబెట్టి, వయసులో ఉన్నప్పుడు సరదాగా తిరగడం మంచిదే కానీ మరీ ఎక్కువ వద్దు, మీ ఆయన్ను ఇంట్లో ఎక్కువగా ఉండమని చెప్పు అంటుంది. గొంతు పెంచదు, తిట్టదు. ఆ రోజు నుంచి సు లిజెన్ బయటికి పోవడం తగ్గిస్తుంది. ఒక కాగితంలో ఇట్లా ఉంది: "మంచి మాటలాగా చెప్పి గొంతు పట్టుకునేవాళ్ళు మా వీధిలో కూడా ఉండారు. వాళ్ళను ఏమీ అనలేము, ఎందుకంటే అన్నం పెట్టింటారు." ఇంకొకటి: "వాళ్ళు ఏ తప్పూ చేయలేదు. అయినా దొంగల మాదిరి గదిలో దాక్కున్నారు. తప్పు చేసినోళ్ళు జపాన్లో తిరుగుతాండారు." మగవాళ్ళు రాసినవనిపించిన కాగితాల్లో కోపం ఇంకోచోట ఉంది. మధ్యలో ఉద్యోగం కోసం సింగపూర్ వెళ్ళిపోయిన చౌ, కథ మొదలైన నాలుగేళ్ళకు పాత ఇంటికి వస్తాడు. పక్క ఫ్లాట్లో ఒకామె కొడుకుతో ఉంటోందని చెబుతారు. ఆమె ఎవరో అతను ఊహించుకోడు, తలుపు కొట్టకుండానే వెళ్ళిపోతాడు. "ఒక్కసారి తలుపు కొట్టింటే ఏం పోయేది?" అని రాసినవాళ్ళు చాలామంది. పైకి "ఏమీ కాకనే అయిపాయ" అని నవ్విన మగవాళ్ళే కాగితం మీద తలుపు గురించి రాశారని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆఫీసు సంగతి పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. సు లిజెన్ బాస్‌కు ఇంట్లో భార్య ఉంది, బయట ఇంకొకామె ఉంది. ఇద్దరికీ ఫోన్లు, ఇద్దరికీ కానుకలు చూసుకునేది ఈమే. ఇక్కడి ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేసే అమ్మాయి రాసిందనుకుంటాను: "బాస్ కోసం ఇంటికి అబద్ధం చెప్పడం కూడా డ్యూటీయే. అదే అబద్ధం తన ఇంట్లో తనకు చెబుతుంటే ఆమె ముందుగానే కనిపెట్టగలిగింది." ఈ ఒక్క వాక్యం కోసం ఆ శ్రమంతా పడవచ్చు.

మూడో ప్రశ్నకు మాత్రం దాదాపు అందరూ ఖాళీ వదిలారు. నువ్వయితే ఏం చేసేదానివి అని ఆడమనిషిని అడిగితే, పేరు లేని కాగితం మీద కూడా జవాబు రాదు. ఇద్దరు ముగ్గురు "పిల్లల కోసం ఓర్చుకుంటాను" అని రాశారు, సినిమాలో ఆ సమయానికి ఆమెకు పిల్లలే లేరు.

నూడుల్స్ సంగతి అడిగినామెకు జవాబు తర్వాతి వారం దొరికింది. మా వీధిలోనే ఉండే ఒక అక్క, ఆమె భర్త కువైట్లో డ్రైవర్, డబ్బాలో కాగితం వేయకుండా నా దగ్గరికే వచ్చింది. వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పింది. "ఒక్కదానికోసం పొయ్యి ముట్టించబుద్ధి కాదు. పిల్లోడు హాస్టల్లో చేరినాక నేను సాయంత్రం అన్నం వండటం మానేసినా. పొద్దుటిదే తింటా. ఆ పిల్ల నూడుల్స్ తెచ్చుకునేది ఆకలికి కాదు, నలుగురు కనిపిస్తారని పోతాది. దావలో ఆయప్ప ఎదురైతే పక్కకు తప్పుకుంటాది చూడు, నేనూ అంతే. మా ఆయన స్నేహితుడు బజార్లో ఎదురై బాగుండావా అంటే తల ఊపి వచ్చేస్తా. బాగుండాననో బాగలేననో చెప్పేదానికి కూడా భయమే." ఆ మాటలు ఇక్కడ రాయడానికి ఆమె ఒప్పుకుంది, మనిషి ఎవరో తెలియకుండా రాయమంది.

రెండోసారి చూడాలని కొందరు అడిగారు. ఈసారి కొంచెం చిన్న గుంపు. వాళ్ళలో తెలుగు చెప్పి రిటైరయిన మాస్టారు ఒకరు, వకీలు ఒకరు. మాస్టారు అష్టవిధ నాయికల్లో ప్రోషితభర్తృకను గుర్తుచేశారు, అంటే భర్త పరదేశం పోయిన స్త్రీ. తాళ్ళపాక మా వైపు ఊరే, అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో విరహం ఎంత ఉందో చెప్పనక్కరలేదు. "ఎదురుచూసే ఆడదాని మీద మనకు రాశులు పోసినట్టు కవిత్వముంది. పెండ్లాం పరదేశం పోయి, ఇంట్లో పిల్లలకు జడలేసే మగోడి మీద ఎంతుంది? అట్లాంటోళ్ళు మన జిల్లాలో లేరా?" అన్నారాయన. చౌ కూడా ఎదురుచూసేవాడే, అతన్ని అట్లా చూపించడమే ఆయనకు సినిమాలో అన్నిటికంటే నచ్చింది.

వకీలు గారి మాట ఇంకో దారిలో పోయింది. మన దేశంలో వ్యభిచారాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్‌లో కొట్టేసింది. అంతవరకు ఆ చట్టం ప్రకారం, ఒకరి భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడి మీద ఆ భర్త కేసు పెట్టించి అయిదేళ్ళ దాకా జైలుకు పంపొచ్చు. మోసపోయిన భార్యకు మాత్రం ఆ హక్కు లేదు. "ఈ కథ 1962లో కడపలో జరిగిందనుకోండి. చౌ కోర్టుకు పోవచ్చు. ఆమె పోలేదు. ఇద్దరికీ జరిగిన అన్యాయం ఒకటే" అన్నారాయన. ఇప్పుడు ఇద్దరికీ అది నేరం కాదు, విడాకులకు కారణం మాత్రమే. అది విని కొందరు ఆడవాళ్ళు ఆ రాత్రి సినిమా వదిలేసి ఆయన్నే చాలాసేపు ప్రశ్నలు అడిగారు. విడాకుల కేసుకు కువైట్లో ఉన్న మొగుడు రాకపోతే ఏమవుతుందని ఒకామె అడిగింది. ఆ ప్రశ్న సినిమా గురించి కాదని అందరికీ తెలుసు, ఎవరూ ఆమె వైపు తిరిగి చూడలేదు.

చివర్లో కనిపించే పిల్లవాడు ఎవరి కొడుకన్న దానిమీద పెద్ద వాదన జరిగింది. భర్త కొడుకేనని సగం మంది, చౌ కొడుకని సగం మంది. సినిమా చెప్పదు. భర్త ఆ ఇంట్లో ఉన్నాడో లేడో కూడా చెప్పదు. నా మటుకు నాకు ఆ ప్రశ్న మీద ఆసక్తి లేదు. ఎవరి కొడుకైనా ఆమె వాడి చెయ్యి పట్టుకుని ఆ పాత ఇంటికే తిరిగొచ్చి కాపురం పెట్టింది, నాకు అది పెద్ద విషయం. కానీ జనం ఆ ప్రశ్నను వదలరు, వదలమనడం కూడా సరి కాదు. వాళ్ళిద్దరూ హద్దు దాటారా లేదా అని నేరుగా అడగలేక, పిల్లవాడి మీదుగా అడుగుతున్నారు.

రెండోసారికి మూడో ప్రశ్న మార్చాను. నువ్వయితే ఏం చేస్తావు అని కాకుండా, ఆమె మీ చెల్లెలైతే ఏం చెబుతారు అని అడిగాను. అప్పుడు కాగితాలు నిండాయి. "వాని దగ్గరికి సింగపూర్ పోయి ఫోన్ చేసి మాట్లాడకుండా ఎందుకు పెట్టేసినావు, మాట్లాడు" అని ఒకరు. "ఉద్యోగం మాత్రం వదలొద్దు" అని ఇద్దరు. "వాళ్ళ మాదిరి మనం కాకూడదని మీరిద్దరూ అనుకోవడమే తప్పు. వాళ్ళను మనసులో పెట్టుకునే బతికినారు" అని ఒకరు. ఇది ఎంత మంచి విమర్శో నేను చెప్పలేను. మేము వాళ్ళలా కామని ఆ ఇద్దరూ పెట్టుకున్న నియమం వాళ్ళ గౌరవాన్ని నిలబెట్టిందని నేను అన్నేళ్ళుగా నమ్ముతున్నాను. ఆ కాగితం చదివాక నా నమ్మకం కదిలింది.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం కాగితం కాదు. కువైట్లో ఇంటిపని చేసి, చాలా ఏళ్ళ తర్వాత తిరిగొచ్చిన ఒక పెద్దమ్మ రెండుసార్లూ వచ్చి, రెండుసార్లూ వెనకే కూర్చుంది. కుక్కర్ దగ్గర "అయిపాయ" అన్నది ఆమే. రెండోసారి అందరూ లేస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అందరూ ఇంట్లో ఉండేటోళ్ళ గురించే ఏడిస్తిరి. పోయినోళ్ళ ముఖం ఆ సినిమావోడు చూపీలేదు, మీరూ అడగల్యా. ఆడ ఎవరూ లేని చోట, రాత్రి పని అయినాంక నాలుగు గోడలు చూసుకుంటా కూర్చుంటే ఎట్లుంటాదో మీకు తెలీదమ్మా. నేను తప్పు చేసినానని చెప్పడం ల్యా. చేసినోళ్ళను చూసినా. వాళ్ళేం సంతోషంగా లేరు. ఈసారి ఆ పోయినోళ్ళ కథ ఉండే సినిమా పెట్టు" అంది.

అప్పటినుంచి అట్లాంటి సినిమా కోసం వెతుకుతున్నాను. ఇల్లు వదిలి పరదేశం పోయిన మనిషి వైపు నుంచి, ముఖం చూపించి, తీర్పు చెప్పకుండా తీసింది కావాలి. ఒకటి రెండు చూశాను గానీ, పెద్దమ్మకు చూపించదగ్గది ఇంకా దొరకలేదు. ఈసారి ఆమెను ముందు వరసలో కూర్చోబెడతాను. ఆమె వస్తానంది, తన మాటలు మా మేనకోడలి చేతే రాయిస్తానంది.